ఇల్లు సర్దుదాం, లోపం దాచవద్దు



ఈ నెల ఒక సహోదరి వ్రాసిన ఉత్తరానికి జవాబు చెప్పాలనుకుంటున్నాను. ఆమె నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో కాపురముంటున్నారు. పేరు, ఊరు ఇక్కడ వ్రాయడం లేదు. ఆమె మామగారు రైల్వేలో పనిచేసి, హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకు దగ్గరగా ఒక సందులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వీలునామా ఏదీ వ్రాయకుండానే ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. ఇప్పుడు అత్తగారు ఒక్కరే ఆ ఇంట్లో ఉంటున్నారు. ఇక్కడ పల్లెలో రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయి అప్పు మీదపడింది. చిన్నమ్మాయి నర్సింగు చదువు మధ్యలో ఉంది. ఆ ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, అత్తగారిని తమ దగ్గరకు తెచ్చుకోవాలని కుటుంబమంతా అనుకున్నారు.

బ్రోకరు ఇల్లు చూసి మూడు సలహాలు ఇచ్చాడట. వెనక గదిలో చెమ్మ పట్టిన గోడకు ఆయిల్ పెయింటు వేయించి దానికి అడ్డంగా బీరువా పెట్టమన్నాడు. కొనేవాళ్ళు వచ్చే రోజున ముసలమ్మను ఎవరింటికైనా పంపమన్నాడు. గోడల మీద ఉన్న వాక్యాల పటాలు తీసేయమన్నాడు. “అయ్యగారూ, ఈ మూడింటిలో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు?” అని ఆ సహోదరి అడిగారు.

మంచి ప్రశ్న. ఇల్లు అమ్ముకొనే అవసరం ఎవరికైనా రావచ్చు. పట్నంలో ఫ్లాటు కావచ్చు, పల్లెలో పెంకుటిల్లు కావచ్చు. అందుకే జవాబును అందరికీ వ్రాస్తున్నాను.

ఇంటిని అమ్మకానికి ముస్తాబు చేయడం కొత్త సంగతేమీ కాదు. అయితే దాన్ని ఒక వృత్తిగా మార్చింది అమెరికావాళ్ళు. 1970లలో సియాటిల్ నగరంలో బార్బ్ ష్వార్ట్జ్ అనే ఆమె దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. నాటకానికి వేదిక సిద్ధం చేసినట్టు ఇంటిని సిద్ధం చేస్తారు కాబట్టి దానికి స్టేజింగ్ అని పేరు వచ్చింది. దానికి అక్కడ మనుషులను పిలిచి డబ్బు ఇస్తారు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. ఇంటివాళ్ళే పది రోజులు కష్టపడితే చాలు.

పశువుల సంతకు వెళ్ళినవారికి ఒక సంగతి తెలుసు. బర్రెను అమ్మడానికి తోలుకుపోయేవాడు దాన్ని శుభ్రంగా కడుగుతాడు, కొమ్ములకు నూనె రాస్తాడు. అందులో తప్పేమీ లేదు. మురికి పోతే పశువు అసలు రంగు, ఒళ్ళు కొనేవాడికి బాగా కనబడతాయి. కానీ కొందరు ముందురోజు సాయంత్రం పాలు పితకకుండా వదిలేస్తారు. తెల్లవారేసరికి పొదుగు నిండుగా ఉబ్బి కనిపిస్తుంది. అది మోసం. కడగడం చూపించడానికి చేసే పని. పాలు పితకకపోవడం చూడనీయకుండా చేసే పని. ఇంటి విషయంలోనూ కొలత ఇదే. ఏ పని మొదలుపెట్టే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పని వల్ల కొనేవాడికి ఇల్లు ఎక్కువ కనబడుతుందా, తక్కువ కనబడుతుందా?

ముందు మనుషులు, తరువాత గోడలు

సున్నం బక్కెట్టు పట్టుకొనే ముందు కాగితాలు సర్దాలి. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడవ వంతు వస్తుంది. మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకుకు ఒక లెక్క, కూతురుకు ఒక లెక్క లేదు. కట్నమిచ్చి పెళ్ళి చేశామని ఆడబిడ్డ వాటా పోదు. కాబట్టి సహోదరీ, ఆ ఇల్లు మీ ఆయన ఒక్కరిదే కాదు. మీ అత్తగారిది, మీ ఆడబిడ్డలది కూడా. వాళ్ళందరి సమ్మతి, సంతకం లేకుండా బయానా పుచ్చుకోవద్దు. అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసునుంచి తెచ్చుకొనే ఈసీ, ఇంటిపన్ను రసీదు, నల్లా బిల్లు, కరెంటు బిల్లు ఒక ఫైలులో పెట్టండి. వారసత్వ కాగితాలు ఏమేమి కావాలో వకీలును అడగండి. ఫైలు సరిగా ఉంటే కొనేవాడికి ధైర్యం వస్తుంది.

అత్తగారిని పంపించడం గురించి సూటిగా చెబుతాను. చూసే రోజున అటక మీది సామాను దించి పంపవచ్చు గాని, ఇంటి పెద్దను పంపకూడదు. ఆమెకు ఆ ఇంట్లో మూడవ వంతు ఉందన్న మాట అటుంచండి. ఆ ఇల్లు గురించి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నీళ్ళు ఏ వేళకు వస్తాయి, ఏ కిటికీలోంచి గాలి వస్తుంది, పక్కింటివారు ఎలాంటివారు, ఇవన్నీ ఆమె నోట వింటే కొనేవారికి నమ్మకం కలుగుతుంది. ఆమెకు దగ్గు ఉంటే మందు ఇప్పించండి. మంచం మీద ఉతికిన దుప్పటి పరచి, వెలుతురు వచ్చేచోట కుర్చీ వేయండి. జనం వరుసగా వచ్చిపోతుంటే ఆమెకు అలసట కలుగుతుంది. అందుకని చూసే సమయం రోజుకు రెండు గంటలే పెట్టండి. ఆమె తనంతట తాను ఆ పూట గుడికో, చుట్టాలింటికో వెళ్తానంటే సరే. అది ఆమె ఇష్టం కావాలి గాని బ్రోకరు ఇష్టం కాకూడదు.

ఖాళీ చేస్తేనే ఇల్లు కనబడుతుంది

లేవీయకాండము 14వ అధ్యాయంలో గోడకు పొడవంటిది పట్టిన ఇంటి సంగతి ఉంది. యాజకుడు లోపలికి వెళ్ళి చూడక ముందే ఇల్లు ఖాళీ చేయమని ఆజ్ఞ. ఆ తరువాత పాడైన రాళ్ళు తీయించడం, గోడలు గీకించడం, కొత్త అడుసుతో పూయించడం జరుగుతుంది. మచ్చ మళ్ళీ వస్తే ఇల్లే పడగొట్టాలి. మచ్చ మీద పూత పూసి ఊరుకోమని అక్కడ ఎక్కడా లేదు.

మన నగరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. నాంపల్లికీ ఆబిడ్స్‌కూ దగ్గరలో ఉన్న మొజంజాహీ మార్కెట్టును 1935లో రాతితో కట్టారు. కాలం గడిచేకొద్దీ రేకులు, బోర్డులు, వైర్లు దాన్ని కమ్మేశాయి. తరువాత వాటిని తీసేసి, రాయిని శుభ్రం చేసి, మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. కొత్తగా తగిలించినదానికంటే తీసేసిన వాటివల్లనే దానికి కళ వచ్చింది.

మీ ఇంట్లోనూ తీసేయడంతోనే మొదలుపెట్టండి. పాత పేపర్లు, విరిగిన కుర్చీలు, పనిచేయని కూలరు, ఎవరూ తొక్కని సైకిలు, అటక మీది ఖాళీ డబ్బాలు, సజ్జల మీది సీసాలు తూకానికి వేయండి. నాలుగు పైసలు కూడా వస్తాయి. ఎలాగూ పల్లెకు తెచ్చుకొనే సామాను ఇప్పుడే మూటగట్టి తెచ్చుకోండి. చిన్న గదిలో పెద్ద మంచం, రెండు బీరువాలు ఉంటే గది ఉన్నదానికంటే ఇరుకుగా కనబడుతుంది. ఒక గదికి ఒక పనే ఉంచండి. పడుకొనే గదిలో బియ్యం బస్తాలు, వంటగదిలో కుట్టుమిషను ఉండకూడదు.

మెట్ల మీద, గుమ్మం ముందర మాత్రం ఒక్క వస్తువు కూడా వద్దు. ఇది అందం కోసం చెప్పే మాట కాదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక బహుళ అంతస్తుల భవనం అడుగున నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకొని, పై అంతస్తుల్లో కాపురమున్న అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. మీ భవనం కింద ఏదైనా గోదాము ఉంటే, మండే సామాను ఉంటే కొనేవారికి తప్పక చెప్పండి. వాళ్ళకూ పిల్లలుంటారు.

శుభ్రం చేసే మెళకువలు

హైదరాబాదులోని చాలా పాత ఇళ్ళలో నేలకు షాబాదు బండలు ఉంటాయి. అవి సున్నపురాయి జాతి. మరకలు పోతాయని వాటి మీద యాసిడు పోయవద్దు. బుస్సుమని నురుగు వచ్చి రాయి పైపొర తినేస్తుంది, నునుపు పోయి తెల్లగా పాలిపోతుంది. సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్షు, కాస్త ఓపిక ఉంటే చాలు. బండల మధ్య సందులు ఊడిపోతే సిమెంటు నింపించండి.

పాత సున్నపు గోడలకు సున్నమే మంచిది. అది గోడలోని తడిని బయటికి పోనిస్తుంది. ఆయిల్ పెయింటు వేస్తే తడి లోపలే చిక్కుకొని, కొన్నాళ్ళకు పెయింటు బుడగలు లేచి పెచ్చులూడుతుంది. బ్రోకరు చెప్పిన ఉపాయం ధర్మం మాట అటుంచి, గోడకు కూడా మంచిది కాదు.

1908లో మూసీకి వరద వచ్చిన తరువాత, 1912లో హైదరాబాదులో నగరాభివృద్ధి మండలిని స్థాపించారు. నాంపల్లి వంటి ఇరుకు పేటలను విప్పి గాలి, వెలుతురు వచ్చేట్టు చేయడం దాని పనుల్లో ఒకటి. గాలి వెలుతురు లేని ఇంట్లో రోగం ఉంటుందని వాళ్ళు గ్రహించారు. కొనేవాడు కూడా గుమ్మంలో అడుగుపెట్టగానే వాటినే చూస్తాడు. కిటికీ అద్దాలు కడగండి, మూసుకుపోయిన వెంటిలేటర్లు తెరిపించండి. మసిబారిన బల్బులు మార్చండి. కోఠికీ ఆబిడ్స్‌కూ మధ్యనున్న ట్రూప్ బజారులో కరెంటు సామాను, నల్లా సామాను అన్ని ధరల్లో దొరుకుతుంది. కారే నల్లా, ఊడిన స్విచ్చు, పడని గొళ్ళెం బాగుచేయించండి. చిన్న లోపాలు నాలుగు కనబడితే పెద్దవి ఎన్ని ఉన్నాయోనని కొనేవాడు అనుమానపడతాడు. మరుగుదొడ్డి ప్రతి ఉదయం కడగాలి. అగరుబత్తీలు, సెంటు కొట్టి వాసన కప్పవద్దు. వాసన ఎక్కడినుంచి వస్తుందో చూసి అక్కడ బాగుచేయండి.

ఇదంతా చేతిలో ఉన్న డబ్బుతోనే చేయండి. ఇల్లు అందంగా చూపడానికి కొత్త అప్పు చేయవద్దు. మార్బుల్ వేయించి, ఫాల్స్ సీలింగు పెట్టించి ఆ ఖర్చు ధరలో రాబడదామనుకుంటే చాలాసార్లు రాదు. కొనేవాడు తన అభిరుచి ప్రకారం మళ్ళీ తీసేయిస్తాడు.

చెమ్మ గోడ సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెమ్మకు కారణం ఉంటుంది. నేల దగ్గర రెండు మూడు అడుగుల ఎత్తు వరకే తడి ఉండి, ఉప్పు తెల్లగా పేరుకుంటే భూమిలోంచి వస్తున్నదని అనుమానించాలి. పైనుంచి మరక దిగుతుంటే మిద్దె మీద నీరు నిలుస్తున్నదేమో చూడాలి. గోడకు అవతల స్నానాల గది ఉంటే పైపు కారుతుండవచ్చు. ఒక చిన్న పరీక్ష ఉంది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా టేపు వేసి అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, గోడవైపు తడి చేరితే నీరు గోడలోంచి వస్తున్నది. ముందువైపు తడి ఉంటే గదిలో గాలి ఆడటం లేదన్నమాట. కారణం తెలిశాక మంచి మేస్త్రీని పిలిచి పైపో, మిద్దె వాలో బాగుచేయించండి. గోడ ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆరిన తరువాతే సున్నం వేయించండి. అప్పుడు ఆ సున్నం చూపించే సున్నం అవుతుంది.

బాగుచేయించే స్తోమత లేకపోతే? ఉన్నది ఉన్నట్టు చెప్పి, ధరలో ఆ మేరకు తగ్గించుకోండి. ఎండాకాలంలో చెమ్మ కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు చూపించి నోరు మూసుకుంటే పెయింటు వేయకుండానే దాచినట్టవుతుంది.

ఇది మనస్సాక్షి మాట మాత్రమే కాదు, చట్టం కూడా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, అమ్మేవానికి తెలిసి కొనేవానికి తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపం ఇంటిలోగాని, హక్కులోగాని ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసమని ఆ సెక్షనే అంటున్నది. అదే సెక్షను కొనేవాని మీద కూడా బాధ్యత పెట్టింది. అమ్మేవానికి తన హక్కు గురించి తెలియని సంగతి ఏదైనా ఉండి, దానివల్ల ఆస్తి విలువ బాగా పెరిగేట్టుంటే, అది తెలిసిన కొనేవాడు దాన్ని దాచకూడదు. బీరువా వెనక చెమ్మ దాచిన కుటుంబం కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. కోర్టుకు వెళ్ళకపోయినా, మొదటి వానకే ఆ గోడ అందరికీ చెబుతుంది. యెహెజ్కేలు ప్రవక్త 13వ అధ్యాయంలో చెప్పింది ఇలాంటి పూతను గురించే. బలం లేని గోడకు పూత పూస్తే వాన ఎవరి మొహమాటమూ చూడదు.

“నిజం చెబితే ధర పోదా?” అంటారు. కొంత పోవచ్చు. అబద్ధం ఆడి నేను మీకు ఆశ పెట్టను. బోరు అప్పు ఉన్న ఇంట్లో ఆ కొంత కూడా చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అయితే బేరంలో ఆ లోపాన్ని కొనేవాడే కనిపెడితే, దాని ఖర్చుకు మించి తగ్గించమంటాడు. మీ ఇతర మాటలు కూడా నమ్మడు. మీరే ముందు చెప్పి, మరమ్మతుకు ఎంత అవుతుందో మేస్త్రీ చేత వ్రాయించి చూపిస్తే, బేరం ఆ అంకె దగ్గరే ఆగే అవకాశం ఉంది. చెప్పిన సంగతిని అగ్రిమెంటులో వ్రాయించండి. అది ఇద్దరికీ రక్ష.

పటాలు, దిక్కులు, ఇరుగుపొరుగు

వాక్యాల పటాలు తీయాలా? కుటుంబ ఫోటోలు, క్యాలెండర్లు, పటాలు, పిల్లల కప్పులు ఎలాగూ మూటగట్టవలసినవే. నిండిపోయిన గోడ మీద కొనేవాడు తన వస్తువులను ఊహించుకోలేడు. అందుకని తీసి జాగ్రత్తగా పెట్టెలో సర్దితే విశ్వాసం తగ్గదు. వాక్యం ఉండవలసిన చోటు ముందు మన నడత. అత్తగారు రోజూ చూసి ప్రార్థించుకొనే ఒక్క పటం ఉంటే దాన్ని ఉంచండి. మీరెవరని అడిగితే దాచవద్దు. కొనేవారు ఏ మతంవారైనా, ఏ కులంవారైనా ఒకే ధర, ఒకే మర్యాద.

వాస్తు నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. కొనేవారు దిక్కులు అడిగితే ఉన్నది చెప్పండి. తెల్లకాగితం మీద గదుల కొలతలు, దిక్కులు గీసి ఇస్తే చాలు.

పేటను గురించి కూడా ఉన్నమాటే చెప్పండి. మంచి చాలా ఉంది. నాంపల్లి రైల్వే స్టేషను ఉంది. 2018 సెప్టెంబరు నుంచి మెట్రో కూడా వచ్చింది. నడిచి ఎన్ని నిమిషాలో మీరే గడియారం చూసుకొని చెప్పండి. “రెండే నిమిషాలు” అన్న బ్రోకరు మాట చెప్పవద్దు. ఏటా జనవరి మొదటి తేదీ నుంచి ఆరేడు వారాలు నుమాయిష్ జరిగే మైదానం దగ్గరలోనే ఉంది. ఆ రోజుల్లో సాయంత్రాలు సందులో బండి నిలపడం కష్టమైతే అది కూడా చెప్పండి. పిల్లలున్నవారికి అదే సంబరం కావచ్చు.

ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం నడిపాడు. ఇప్పటికీ ఆదివారం ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు అమ్ముతారు. అమ్మేవాడు దుమ్ము తుడిచి, అట్ట పైకి కనబడేట్టు పేరుస్తాడు. కొనేవాడు పుస్తకం చేతిలోకి తీసుకొని పేజీలు తిప్పి చూస్తాడు. చూడనిస్తాడు కాబట్టే కొనేవాడు ధైర్యంగా డబ్బు తీస్తాడు. మీ ఇంటి తలుపులన్నీ, బీరువా వెనక గోడ కూడా, అలాగే చూడనీయండి.

చివరగా ఒక పని చెబుతాను. బేరం కుదిరిన తరువాత ఒక కాగితం మీద ఇవి వ్రాయండి: నీళ్ళు వచ్చే రోజులు, వేళలు, నీరు కట్టేసే వాల్వు ఎక్కడుందో, మెయిన్ స్విచ్చు ఎక్కడుందో, మురుగు పైపు ఏ వైపు పోతుందో, ఏ గోడకు ఎప్పుడు, ఏ మరమ్మతు చేయించారో, నమ్మకమైన మేస్త్రీ ఎవరో. అత్తగారు చెబుతుంటే మీ చిన్నమ్మాయి చేత వ్రాయించండి. రిజిస్ట్రేషను అయిన రోజున తాళంచెవులతో పాటు ఆ కాగితాన్ని కొన్నవారి చేతిలో పెట్టండి.